కెమిస్ట్రీ ల్యాబు గుమ్మంలో గేటు

ఆ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు అటెండరును పిల్లలు గేటు అంటారు. ఎదురుగా మేడమ్ అంటారు, ఆమె అటు తిరగగానే గేటు అంటారు. ఎవరైనా చెప్పులతో వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోతే వెనకున్నవాళ్లు "గేటు పడిందిరోయ్" అని నవ్వుతారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో చదువు ముగించుకుని వెళ్లిపోయి ఇరవై ఏళ్లయినా అయి ఉంటుంది, పేరు మాత్రం ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి చేతులు మారుతూ చెక్కు చెదరకుండా ఉంది. ఆమెకు ఈ సంగతి తెలియదని పిల్లల నమ్మకం. ఆమెకు తెలుసు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత నవ్వొచ్చేది, ఇప్పుడు ఏదీ రావడం లేదు.

ల్యాబు గుమ్మం లోపల నేల మీద ఒక పసుపు గీత ఉంటుంది. ఏటా సెలవుల్లో ఆమే మోకాళ్ల మీద కూర్చుని, కుంచె పట్టుకుని దానికి మళ్లీ రంగు వేస్తుంది. ఆ గీత దాటాలంటే కాలివేళ్లు కనబడని బూట్లుండాలి, జుట్టు ముడిలో ఉండాలి, మోకాళ్లు దాటిన ఏప్రను ఉండాలి, కళ్లకు పెద్ద కళ్లద్దాలుండాలి. ఏప్రను నూలుదే అయి ఉండాలి. నైలాను బట్ట మంట తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఈ మాట ఆమె ప్రతి ఏడూ మొదటి రోజున చెబుతుంది, ప్రతి ఏడూ వెనక వరసలో ఎవరో ఒకరు ఆవలిస్తారు. ఒకసారి ప్రిన్సిపాలుగారు ఎవరో పెద్దమనుషులను వెంటబెట్టుకుని వస్తే ఆయన చేతిలోనూ ఒక జత కళ్లద్దాలు పెట్టింది. ఆయన ముఖం చిట్లించుకుని పెట్టుకున్నాడు. తలకిందులుగా పెట్టుకున్నారని చెప్పాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

ఆమెకు అసలు శత్రువు ఆమ్లం కాదు, నుదురు. ఆవిరి పట్టిందనో, ముక్కు నొక్కుకుంటోందనో, జుట్టు చెదురుతోందనో పిల్లలు అద్దాలను నుదుటి మీదకు తోసేస్తారు. "నుదుటికి కళ్లు లేవు నాయనా, దించు" అంటుంది. రోజుకు ఎన్నిసార్లు అంటుందో లెక్క లేదు. దించుతారు. ఆమె రెండు బల్లలు దాటి వెళ్లేలోగా మళ్లీ ఎక్కిస్తారు. ఆవిరికి మందు కూడా ఆమే కనిపెట్టింది: చుక్క సబ్బునీళ్లు అద్దం లోపలివైపు పూసి, మెత్తని గుడ్డతో తుడిచేస్తే పూటంతా ఆవిరి పట్టదు. నలభై జతలకు ప్రతి సోమవారం పొద్దున్నే కూర్చుని సబ్బు పూస్తుంది. అద్దాలకు ఆవిరి పట్టకపోవడం వాటి గొప్పతనమే అనుకుంటారు పిల్లలు.

సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె ముక్కు మీదా చెంపల మీదా అద్దాల అంచు ఎర్రగా దిగి ఉంటుంది. బస్సులో పిల్లలు ఎదురైతే గుర్తుపట్టరు. మూడేళ్లు ఆమె చేతిలోంచి అద్దాలు అందుకున్న పిల్ల ఒకసారి పక్క సీట్లోనే కూర్చుని, "ఆంటీ, ఈ బస్సు ఆసుపత్రి మీదుగా పోతుందా?" అని అడిగింది. పోతుందమ్మా అని చెప్పింది. ఆ పిల్ల రోల్ నంబరేమిటో, చేతికి ఏ సైజు తొడుగులు పడతాయో ఆమెకు తెలుసు. ఏ వేలికి పాత కాలిన మచ్చ ఉందో కూడా తెలుసు. ఆ పిల్లకు మాత్రం అద్దాల వెనక ఒక ముఖం ఉంటుందన్న ఆలోచనే వచ్చి ఉండదు. దిగేటప్పుడు థాంక్స్ ఆంటీ అని దిగిపోయింది.

ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు లేరు. భర్త పోయి పంతొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. రెండేళ్ల కిందటి దాకా అత్తగారు ఉండేది. చెవులు వినబడవు, పప్పు ఉడకలేదని గొణుగుతూ ఉండేది, అయినా తగువులాడటానికి ఒక మనిషి. ఇప్పుడు ఆ తగువూ లేదు. తాళం తీసి, లైటు వేసి, గుమ్మం పక్కన కూర్చుని బూట్లు విప్పుకుంటుంది. పొద్దున్నించీ కొన్ని వందల మాటలు మాట్లాడి ఉంటుంది. అందులో ఒక్కటీ తన గురించి కాదు.

అలాగని ఎప్పుడూ ఇంతేనా అంటే, కాదు. ఆమెకు ఒక వదిన ఉండేది.

వరసకు వదిన కాదు. రెండో అంతస్తులో ఫిజిక్స్ ల్యాబు అటెండరు. ఇద్దరూ ఒకే నెలలో ఉద్యోగంలో చేరారు. చేరిన మొదటి వారంలోనే ఆవిడ ఈవిడను పట్టుకుని, "అక్కా అంటే నేను చిన్నదాన్నైపోతాను, చెల్లీ అంటే నువ్వు ఒప్పుకోవు. వదినా అనుకుందాం, దెప్పుకోడానికైనా వీలుంటుంది" అంది. అప్పట్నించీ ఇద్దరూ ఒకరికొకరు వదినలే. ల్యాబులో తిండి తినకూడదు కాబట్టి, కింది నుంచి ఈవిడా పై నుంచి ఆవిడా డబ్బాలు పట్టుకుని బయలుదేరి మెట్ల మలుపులో కలుసుకునేవాళ్లు. అక్కడ గోడకు ఒక కిటికీ ఉంది, కిటికీ కింద ఇద్దరికి సరిపడా అరుగు ఉంది. పద్దెనిమిదేళ్లు ఆ అరుగు మీద కూర్చుని తిన్నారు. భర్త పోయినప్పుడు ఈవిడ నెల రోజుల తర్వాత డ్యూటీకి వస్తే, ఆ మలుపులో ఆవిడ రెండు డబ్బాలతో కూర్చుని ఉంది. మూత తీసి ముందుకు జరిపింది. ఈవిడ ఏడుస్తూనే తినేసింది.

ఆ స్నేహం ఏడేళ్ల కిందట ఒక జత చెప్పుల దగ్గర తెగిపోయింది.

ఆవిడ కూతురు ఇదే కాలేజీలో చదివేది. ఆ రోజు కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష. రాత్రి నుంచీ కుండపోత వాన. పిల్ల బూట్లు నానిపోతే, వేళ్లు కనబడే చెప్పులు వేసుకుని పరుగున వచ్చింది. గేటు పడింది. లోపల బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు గడియారం చూస్తున్నాడు. పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. పైనుంచి తల్లి దిగి వచ్చింది. "ఒక్కరోజుకి వదినా. మూల బల్ల దగ్గర నించోబెట్టు. కదలదు" అని బతిమాలింది. ఈవిడకు మనసులో ఎంత పీకినా మాట మాత్రం మారలేదు. "బూట్లు లేనిదే గీత దాటడానికి లేదు వదినా. రేపు ఆమ్లం ఒలికితే నువ్వే నన్ను అడుగుతావు." పిల్ల వానలో ఇంటికి పరుగెత్తి, పక్కింటివాళ్ల బూట్లు తొడుక్కుని వచ్చేసరికి గంటా పావు దాటింది. పరీక్షకుడు కుదరదన్నాడు. పిల్లకు ఏడాది పోయింది.

ఆవిడ తిట్టలేదు, అరవలేదు. మర్నాటి నుంచి మెట్ల మలుపులోకి రావడం మానేసింది. పైన ఫిజిక్స్ వాళ్ల చీకటి గదిలో కూర్చుని ఒంటరిగా తింటోందని ఎవరో చెప్పారు. వరండాలో ఎదురైతే పక్కకు తప్పుకునేది. ఈవిడ నాలుగైదుసార్లు "వదినా" అని పిలిచి చూసింది. ఆవిడ ఆగలేదు. తర్వాత పిలవడం మానేసింది.

అసలు బాధ అది కూడా కాదు. పరీక్ష జరిగిన రోజు సాయంత్రం ఇంటి గుమ్మం పక్కన కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే, ఒక బూటు చేతిలో ఉండగానే ఆమెకు తట్టింది. ఈ బూట్లు విప్పి ఆ పిల్లకు ఇచ్చి ఉండొచ్చు కదా! తను గీతకు ఇవతల వట్టికాళ్లతో మూడు గంటలు నించుని ఉండేది. లోపల రెండో అటెండరు ఎలాగూ ఉన్నాడు, ఎవరికీ ఏ నష్టమూ లేదు. నియమం నియమంలాగే ఉండేది, పిల్ల పరీక్ష రాసేది. ఇంత చిన్న సంగతి, కాళ్లకే ఉన్న సంగతి, ఆ క్షణంలో తట్టలేదు. ఆ తర్వాత ఆమె ఊరంతా అడిగి పాత బూట్లు పోగుచేసింది. అన్ని సైజులవీ కడిగి, తెల్లని తాళ్లు కట్టి, ల్యాబు బయట ఒక అరలో పెట్టింది. ఈ ఏడేళ్లలో చెప్పుల వల్ల ఒక్క పిల్ల కూడా వెనక్కి పోలేదు. ఆ అర ఎందుకు పుట్టిందో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

వదినకు మాత్రం చెప్పాలి. 'ఆ రోజు నా బూట్లు విప్పి ఇవ్వాల్సింది, నాకు తట్టలేదు.' ఒక్క మాట. ఏడేళ్లుగా బస్సులో, స్నానాల గదిలో, సబ్బు పూసేటప్పుడు ఆమె ఆ మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ పాలిష్ పట్టింది గానీ, గడప దాటించలేకపోయింది. ఈలోగా ఆవిడ పదవీ విరమణ దగ్గరికొచ్చేసింది. ఇంకా తొమ్మిది రోజులు. ఆ తర్వాత ఆవిడ కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్లిపోతుందని ఆఫీసులో అనుకుంటున్నారు. తొమ్మిది రోజుల్లో చెప్పకపోతే ఆ మాట ఇక తనతోనే పోతుంది.

అలాంటి సమయంలో కెమిస్ట్రీ ల్యాబులో రెండో అటెండరు స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పరీక్షలు ముంచుకొచ్చాయి. ఫిజిక్స్ పరీక్షలు అయిపోయాయి కాబట్టి ప్రిన్సిపాలు ఆవిడను మూడు రోజులు కిందికి దించాడు.

మొదటి రోజు ఎనిమిదిన్నరకే ఆవిడ వచ్చి గీత ఇవతల నించుంది. బూట్లు, ముడి, అన్నీ సరిగ్గా ఉన్నాయి, వేలెత్తి చూపడానికి లేదు. ఈవిడ ఏప్రను ఇచ్చింది. కళ్లద్దాల పెట్టె దగ్గరికెళ్లి, పాతవన్నీ పక్కకు తోసి, కొత్తగా వచ్చిన వాటిలోంచి ఒక జత తీసింది. గీతలు పడనివి, మెరుస్తున్నవి. వదినకు మంచివి ఇవ్వాలన్న తాపత్రయంలో, వాటికి ఇంకా సబ్బు పూయలేదన్న సంగతి మర్చిపోయింది. ఆవిడ తలెత్తకుండా అందుకుంది. చేతులు కూడా తగల్లేదు. పరీక్ష అయ్యాక, బల్లలు తుడిచేటప్పుడు చెబుతాను, అనుకుంది ఈవిడ.

పరీక్ష మొదలైంది. ఇరవైమంది పిల్లలు, ఇరవై మంటలు. ఒక్కొక్కరికీ ఒక పొట్లంలో తెల్లటి లవణం. దాన్ని గాజు గొట్టంలో వేసి, ఆమ్లం పోసి, వేడి చేసి, ఏ వాయువు వస్తుందో చూసి అదేమిటో కనిపెట్టాలి. కాసేపటికి గది వేడెక్కింది. రెండో వరస దగ్గర పొట్లాల నంబర్లు సరిచూస్తున్న వదిన అద్దాలకు తెల్లగా ఆవిరి పట్టింది. ఆవిడ పొట్లాన్ని ఒకసారి పక్కకు తిప్పి చూసింది, ఇంకోసారి వెలుతురుకి పెట్టి చూసింది. తర్వాత అద్దాలను నుదుటి మీదకు తోసేసి, పొట్లం మీదకు వంగింది.

ఈవిడ చూసింది. ఇంకెవరైనా అయితే ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసేది. ప్రిన్సిపాలుకే మొహమాటపడని నోరు. కానీ ఏడేళ్ల తర్వాత ఆవిడతో అనే మొదటి మాట ఇదా? మళ్లీ నియమమేనా? ఈ పొట్లం చూడటం అయితే ఆవిడే దించుకుంటుందిలే, అనుకుంది. అలా అనుకుంటూ ఒక నిమిషం ఊరుకుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమె ఊరుకున్న నిమిషం అదొక్కటే.

పక్క బల్ల పిల్ల గొట్టం మూతి గోడవైపు పెట్టకుండా ఇటు తిప్పి వేడి చేస్తోంది. లోపలి ద్రవం ఒక్కసారి పొంగి ఎగిరింది. వదిన కెవ్వుమంది.

కన్ను పోలేదని ముందే చెప్పేయడం మంచిది. నీళ్లు కలిపిన ఆమ్లమే, అదీ నాలుగు చుక్కలు. కానీ ఆ క్షణంలో అది ఎవరికి తెలుసు? ఈవిడ మూడు అంగల్లో అక్కడికి చేరింది. "మంటలు ఆర్పేయండి అందరూ!" అని అరిచింది. వదిన మెడ వెనక చెయ్యేసి, కళ్లు కడిగే కుళాయి దగ్గరికి దాదాపు ఎత్తుకుపోయింది. మోచేత్తో మీట నొక్కితే రెండు ధారలు పైకి చిమ్మాయి. వదిన ముఖాన్ని వాటి మీదకు వంచి, రెండు వేళ్లతో రెప్పలు విడదీసి పట్టుకుంది. గోడ గడియారం చూసింది. పది గంటల నలభై. పదిహేను నిమిషాలు కడగాలి. ఒక్క నిమిషం తగ్గకూడదు.

"కన్ను మూయకు. పైకి చూడు. ఇప్పుడు కిందికి చూడు. మూయకు అంటుంటే!"

"మండుతోంది. పోయిందా నా కన్ను?"

"పోలేదు. తెరిచి ఉంచు. నేను పట్టుకున్నాను కదా."

పరీక్షకుడు పిల్లలను గోడ పక్కకు జరిపాడు. ఎవరో వ్యాను కోసం ఆఫీసుకు పరుగెత్తారు. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. ఈవిడ ఏప్రను చేతులు భుజాల దాకా తడిసిపోయాయి. వేళ్ల కింద వదిన రెప్పలు అదురుతున్నాయి. ఏడేళ్ల తర్వాత ఆవిడ తల తన చేతుల్లో ఉంది, అదీ ఇలా. ఐదో నిమిషంలో ఈవిడ ఉండబట్టలేకపోయింది.

"నేను చూశాను వదినా. నువ్వు అద్దాలు పైకి తోయడం చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. నీతో మొదటి మాట అదా అని ఊరుకున్నాను. తప్పంతా నాదే."

నీళ్లు పోతున్నాయి.

"ఇంకో మాట కూడా ఉంది. పాపను ఆపేసిన రోజు, నా కాళ్లకు బూట్లున్నాయి. విప్పి ఇచ్చేస్తే సరిపోయేది. నేను బయట నించునేదాన్ని. నాకు తట్టలేదు. ఇంటికెళ్లాక తట్టింది. అప్పట్నించీ రోజూ..." ఆపేసింది. "పైకి చూడు. ఇంకా ఎనిమిది నిమిషాలుంది."

వదిన పైకి చూసింది, కిందికి చూసింది. పన్నెండో నిమిషం దగ్గర, ముఖం నీళ్లలో ఉండగానే, ముక్కుతో మాట్లాడుతున్నట్టు అంది.

"ఆ రోజు వాన."

"ఊఁ."

"వానకని నేను రబ్బరు బూట్లు వేసుకొచ్చాను. మూసినవి. పాపదీ నాదీ ఒకటే కొలత."

ఈవిడ వేళ్లు ఒక్క క్షణం సడలి, మళ్లీ బిగిశాయి.

"నీ ఎదురుగా నించుని పావుగంట బతిమాలాను వదినా, వాటిలోనే నించుని. పాప అటు పరుగెత్తాక కిందికి చూసుకున్నాను. ఆ సంగతి నేటికీ పాపకు చెప్పలేదు. ఇంట్లో అందరూ నిన్నే తిట్టారు, నేను తిట్టనిచ్చాను. నీ మీద నాకు కోపమెక్కడిది? నిన్ను చూస్తే నా కాళ్లు కనబడేవి. అందుకని చూడటం మానేశాను."

పది గంటల యాభై ఐదయింది. ఈవిడ మీట వదిలేసింది. శుభ్రమైన గుడ్డతో వదిన ముఖం అద్దింది. కన్ను ఎర్రగా ఉంది, కానీ తెరుచుకుంది, చూసింది. వ్యాను వచ్చిందన్నారు. గుమాస్తా వచ్చి వదినకు ఒక పక్క చెయ్యి పట్టుకున్నాడు. వదిన రెండో చెయ్యి చాపింది. "నువ్వు రావా?" అంది.

ఈవిడ వెనక్కి చూసింది. గోడ పక్కన ఇరవైమంది పిల్లలు. రెండో అటెండరు లేడు. అటెండరు లేకుండా ల్యాబులో ఒక్క మంట కూడా వెలగకూడదు. తను వెళ్తే పరీక్ష ఆగిపోతుంది, ఆగితే ఇరవైమందికి ఏడాది పోతుంది.

వదినే అర్థం చేసుకుంది. "వద్దులే. పిల్లల్ని చూసుకో" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. గుమాస్తా ఆవిడను వరండాలోంచి నడిపించుకుపోయాడు. ఆవిడ అడుగుల చప్పుడు మలుపు తిరిగేదాకా వినబడింది.

పరీక్షకుడు పదిహేను నిమిషాలు అదనంగా ఇచ్చాడు. మంటలు మళ్లీ వెలిగాయి. ఈవిడ తడిసిన చేతులతో బల్లల మధ్య నడుస్తోంది. కోపమే అయితే ఇంకో ఏడేళ్లయినా భరించేది. దానికి అలవాటుపడిపోయింది. ఇద్దరు ఆడవాళ్లు, ఒకే కప్పు కింద, ఒకరు కిందా ఒకరు పైనా, ఒకే మాట దాచుకుని, ఏడేళ్లు ఎవరి డబ్బా వాళ్లు తిన్నారు. ఎవరో ఒకరు నోరు తెరిచి ఉంటే చాలు. ఇప్పుడు తెరిస్తే తొమ్మిది రోజులు మిగిలాయి, అవి కూడా ఆసుపత్రిలోనో, సెలవులోనో పోతాయి. అది తలచుకునేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు. అద్దాల లోపల నీళ్లు నిండుతున్నాయి. తుడుచుకోవాలంటే అద్దాలు తీయాలి. తీయాలంటే గీత దాటి బయటికి వెళ్లాలి. వెళ్తే లోపల పిల్లల దగ్గర ఎవరూ ఉండరు. అందుకని అలాగే నించుంది. ఎదురుగా ఇరవై మంటలూ అలికేసినట్టు కనబడుతున్నాయి.

"మేడమ్, ఇంకో వడపోత కాగితం" అని మూల బల్ల దగ్గర్నించి ఎవరో చెయ్యెత్తారు.

ఎవరో గుర్తుపట్టలేకపోయింది. గొంతు వచ్చిన వైపు నడిచి, జేబులోంచి ఒక కాగితం తీసి ఆ చేతిలో పెట్టింది.